రొంప జ్వరానికి బిళ్ళ వెంటనే వేయాలా, ఆగాలా?

రాజోలు రైతు:
ముసురు పట్టిందంటే కోనసీమలో ఇంటింటా రొంపే. జ్వరమే వైరస్‌ని చంపుతుంది, పెద్దవాళ్ళు పారాసిటమాల్ వేసుకోవద్దని కొందరు, 99 దాటగానే వేసేయమని కొందరు. ఏది నిజం అండీ?

భీమవరం ల్యాబ్:
ఓర్చుకోగలిగితే ఆగమనే అంటానండి. వైరస్ సోకిన కణం కొద్ది గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ వదులుతుంది. ఆ కబురందుకుని పక్క కణాలు తలుపులు బిగించుకుంటాయి. ఈ హడావుడిలో పుట్టే సంకేతాలే మెదడుకి చేరి జ్వరం తెస్తాయి. పడిశం తెచ్చే రైనోవైరస్‌కి ముక్కులో ఉండే 33–35 సెల్సియస్ చల్లదనమే హాయి, ఒంటి వేడి పడదు. 1990లో ఆస్ట్రేలియాలో వాలంటీర్లకి ఆ వైరస్ ఎక్కించి చూశారు. ఆస్పిరిన్, పారాసిటమాల్ మింగినవాళ్ళలో యాంటీబాడీలు తగ్గాయి, ముక్కు బాధ పెరిగింది.

పాలకొల్లు ఫార్మసిస్ట్:
అది రైనో సంగతండి. ఫ్లూ మీద న్యూజిలాండ్‌వాళ్ళు 2016లో వెలువరించిన పరిశోధనలో పారాసిటమాల్ రోజుకి 4 సార్లు గ్రాము చొప్పున 5 రోజులు ఇచ్చినా వైరస్ పరిమాణంలో తేడా రాలేదు. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఒంటి శక్తి ఖర్చు పదో వంతు పెరుగుతుంది. గుండె జబ్బున్న ముసలాయన్ని ఓర్చుకోమనడం అన్యాయం. పారాసిటమాల్ 650 మి.గ్రా. బిళ్ళ, 6 గంటల ఎడం, రోజుకి 4 దాటకూడదు. పొరపాటు జరిగేది జలుబు బిళ్ళతో. అట్ట వెనక సన్నక్షరాలు చదవండి, అందులోనూ 325 లేదా 500 పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి మింగితే దెబ్బ లివర్‌కి. రోజూ మద్యం తాగేవాళ్ళకి 4 కూడా ఎక్కువే.

భీమవరం ల్యాబ్:
ముసలాయన విషయంలో మీ మాటే సరి. నా అసలు భయం సూది గురించి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పొడిపించుకుంటే పూటలో జ్వరం జారి, మందు భలే పనిచేసిందనిపిస్తుంది. అది ఆపింది వైరస్‌ని కాదు, ఆ సంకేతాలని. సోకిన కణాల్ని ఏరే టి కణాలు తయారవడానికి వారం పడుతుంది, అంతలోనే వాటి కాళ్ళు విరగ్గొట్టినట్టు. 2020లో బ్రిటన్‌లో రికవరీ అనే పరిశోధనలో కోవిడ్‌కి ఇదే మందు రోజుకి 6 మి.గ్రా. ఇస్తే ఆక్సిజన్ మీదున్నవాళ్ళలో మరణాలు తగ్గాయి, అవసరం లేనివాళ్ళకి మేలేమీ కనబడలేదు. కళ్ళె పచ్చబడిందని అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కూడా అడక్కండి, ఆ రంగు తెల్ల రక్తకణాల్లోని ఎంజైముది.

పాలకొల్లు ఫార్మసిస్ట్:
ఆ సూదిలో నొప్పి మందు డైక్లోఫెనాక్ కలిపితే ఇంకా ప్రమాదం. వచ్చింది డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ముక్కు కారకుండా జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెర్రన ఉండి, చేలో నీళ్ళల్లో దిగినవాళ్ళయితే అది రొంప కాదు, ఎలుక జ్వరమేమో చూపించండి. తగ్గిన జ్వరం రెండ్రోజులాగి ఆయాసంతో తిరగబెట్టినా, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ 94 కన్నా తక్కువ చూపినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలండి.