ఢిల్లీ నుంచి ఒక్కరోజులో ఆగ్రా: ఫతేపూర్ సిక్రీ కూడా కుదురుతుందా?

శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు కాబట్టి జనవరిలో ఒక గురువారం అనుకుంటున్నాం. హజ్రత్ నిజాముద్దీన్‌లో ఉదయం 8:10 గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 9:50కి ఆగ్రా కంటోన్మెంట్, తిరుగు బండి సాయంత్రం 5:50కి. తాజ్ టికెట్ 3 గంటలే చెల్లుతుంది, సమాధి లోపలికి 50 మీద ఇంకో 200 రూపాయలు. ఆగ్రా కోట దగ్గరే, చిక్కు లేదు. సిక్రీ అలా కాదు: పోను సుమారు 40, రాను 40 కిలోమీటర్లు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. సిక్రీ మసీదు పెద్ద ద్వారమైన బులంద్ దర్వాజా మెట్లు ఎక్కకుండా, అక్కడి జోధాబాయి మహల్ వైపు నుంచి మసీదులోకి వెళ్లొచ్చా? పొగమంచుకు బండి ఆలస్యమైతే దేన్ని వదిలేయడం మేలు? గైడ్ పాలరాతి దుకాణాల చుట్టూ తిప్పకుండా (కమీషన్ సంగతి తెలిసిందే!) ముందే ఏమని మాట్లాడుకోవాలి? పర్యాటక శాఖ గుర్తింపు కార్డున్న తెలుగు గైడ్లెవరైనా దొరుకుతారా?