సీ డ్రైవ్ నిండిపోయింది, 150 జీబీ లెక్క తేలడం లేదు

నీలిమేఘం: నాది 512 జీబీ ల్యాప్‌టాప్. దిస్ పీసీలో సీ డ్రైవ్ మొత్తం 475 జీబీ, ఖాళీ 11 జీబీ అని చూపిస్తూ గీత ఎర్రబడింది. లోపల కనిపించే ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 310 జీబీయే వస్తోంది. మిగతాది ఎక్కడుంది? ఎస్‌ఎస్‌డీ ఇంతలా నిండితే స్పీడ్ తగ్గుతుందా? వచ్చే వారమే ప్రాజెక్ట్ సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది.

పాతకీబోర్డు: 512 అని అమ్మి 475 చేతిలో పెట్టడం పచ్చి మోసం. ముందు దాన్ని అడగండి.

బిట్లలెక్క: మోసం కాదండీ. డ్రైవ్ తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. 51,200 కోట్ల బైట్లను మూడుసార్లు 1024తో భాగించండి, 476.8 వస్తుంది. మిగిలిన కాస్తా బూట్, రికవరీ పార్టిషన్లకు పోయింది. 1 టీబీ కొన్నా 931యే కనిపిస్తుంది.

పాతకీబోర్డు: భాగహారం నాకూ వచ్చు. ర్యామ్ 8 జీబీ అంటే 1024 లెక్కే కదా? ఒకే మెషిన్‌లో ర్యామ్‌కి ఒక కొలత, డ్రైవ్‌కి ఇంకో కొలతా?

బిట్లలెక్క: 1024 లెక్కకి గిబీబైట్ అని 1998లోనే వేరే పేరు పెట్టారు. మాక్ 2009 నుంచి వెయ్యి లెక్కలోనే చూపిస్తోంది. పాత పద్ధతి వదలనిది విండోసే, డ్రైవ్‌ను తిట్టి లాభం లేదు.

పాతకీబోర్డు: కొనేవాడికి ఈ చరిత్రంతా ఎందుకు? డబ్బా మీద రెండు లెక్కలూ వేస్తే సరిపోతుంది. అది అడిగితే పాఠం చెబుతారేంటి?

తెల్లకాగితం: హైబర్నేషన్ (ర్యామ్‌లో ఉన్నది డ్రైవ్‌లో దాచి మెషిన్ ఆపే పద్ధతి) ఆపేయండి, అంతే! కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ కొట్టండి. నా 32 జీబీ ర్యామ్ మెషిన్‌లో ఒక్క దెబ్బకి దాదాపు 13 జీబీ తిరిగొచ్చింది. ఫాస్ట్ స్టార్టప్ పోతుంది, నాకైతే తేడా తెలియలేదు.

గాలిపటం: విండోస్ ఫోల్డర్లో విన్ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ చూడండి, చాలా పెద్దది. డిలీట్ చేసేయండి.

సర్వర్‌రూమ్: దయచేసి ఆ సలహా ఎవరూ పాటించొద్దు! అది విండోస్ సొంత భాగాలు దాచుకునే చోటు, తీసేస్తే అప్‌డేట్లు ఆగిపోతాయి, విండోసే లేవకపోవచ్చు. అందులో చాలా ఫైళ్లు హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైల్‌కి రెండో పేరు; ఒకే ఫైల్ రెండు చోట్ల లెక్కకొస్తుంది కాబట్టి అంత పెద్దదిగా కనబడుతుంది. తెలియనప్పుడు ఊరుకోండి.

గాలిపటం: మర్యాదగా చెప్పొచ్చుగా?

సర్వర్‌రూమ్: ఇలాంటి సలహాలతో చచ్చిన మెషిన్లు బాగుచేయడమే నా ఉద్యోగం, అందుకే ఆ కోపం. నీలిమేఘం గారూ, మీకు పర్మిషన్ లేని ఫోల్డర్లను ప్రాపర్టీస్ లెక్కలోకి తీసుకోదు. దాచిన ఫైళ్లు మీ సెలెక్షన్‌లోకే రాలేదు. ఏ ఫైల్ ఎంత చోటు తింటోందో చూపించే విజ్‌ట్రీ అనే ప్రోగ్రామ్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ టేబుల్‌ను, అంటే డ్రైవ్‌లో ఉండే ఫైళ్ల జాబితాను నేరుగా చదువుతుంది, సెకన్లలో పెద్దవన్నీ పైకొస్తాయి. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్, యూజర్స్, రెండూ తెరిచి చూడండి.

నీలిమేఘం: దొరికింది! ఇదివరకు అన్నయ్య వాడిన అకౌంట్ అలాగే ఉంది. అందులో స్క్రీన్ రికార్డింగులే 88 జీబీ. నా లాగిన్‌లో ఆ ఫోల్డర్ తెరుచుకోదు, అందుకే లెక్కలోకి రాలేదు. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఇంకో 46. మిగతాది పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), హైబర్నేషన్ ఫైల్, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్.

సర్వర్‌రూమ్: ఆ 46 రీస్టోర్ పాయింట్లదే అయ్యుంటుంది, అంటే విండోస్‌ని పాత స్థితికి తిప్పడానికి దాచుకున్న కాపీలు. ఫోల్డర్‌ని ముట్టుకోకండి. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో కాన్ఫిగర్ నొక్కి పరిమితి తగ్గించండి. పూర్తిగా మాత్రం ఆపొద్దు.

తెల్లకాగితం: అన్నయ్యని అడక్కుండా అకౌంట్ తీసేయకండి. డిలీట్ ఫైల్స్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు.

పాతకీబోర్డు: స్పీడ్ సంగతి ఎవరూ చెప్పలేదు. తగ్గుతుంది. ఖాళీ బ్లాకులు లేకపోతే ఎస్‌ఎస్‌డీ పాత డేటాను సర్ది, చెరిపి, ఆ తర్వాతే కొత్తది రాయాలి. కొంత ఖాళీ ఎప్పుడూ ఉంచుకోండి.

చివరిబెంచీ: మాక్‌లో సిస్టమ్ డేటా అని 120 జీబీ చూపిస్తోంది. విజ్‌ట్రీ దానికీ వస్తుందా?

బిట్లలెక్క: రాదు, అది విండోస్‌కే. డిస్క్ యుటిలిటీ తెరిచి వ్యూ మెనూలో ఏపీఎఫ్ఎస్ స్నాప్‌షాట్లు (డ్రైవ్ ఒక సమయంలో ఎలా ఉందో దాచిన కాపీలు) చూపించమనండి. మాక్ బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషిన్ వాడుతుంటే అవి ల్యాప్‌టాప్‌లోనే కూర్చుంటాయి.