టెట్ పేరా ప్రశ్న: మా ఊరి సంగతి రాస్తే తప్పెట్లయింది?

మర్రిగూడ బిడ్డ: కోచింగ్‌లో పెట్టిన టెట్ మోడల్ పేపర్‌లో ఈ పేరా వచ్చింది. "నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, ఏళ్ల తరబడి తాగినవారికి ఫ్లోరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. నల్గొండ జిల్లాలో కొన్ని ఊళ్ల బోరునీళ్లలో అంతకు మించి ఉంది. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే విధానాన్ని నల్గొండ పద్ధతి అంటారు." పేరాను బట్టి ఏది చెప్పగలం అని ప్రశ్న. నేను 2 పెట్టాను: 'ఆ ఊళ్లవాళ్లు ఫ్లోరోసిస్‌తో బాధపడుతున్నారు.' కీలో 3: 'ఆ బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరోసిస్ ముప్పు ఉంది.' 2 ఎట్లా తప్పు?

పాలమూరు పంతులమ్మ: 3 కరెక్టే. నీళ్లలో ఉందన్నారు, ఎవరైనా తాగుతున్నారని అనలేదు. ఆప్షన్‌లోని ప్రతి ముక్కకూ పేరాలో ఆధారం వెతికి పెన్సిల్‌తో గీత పెట్టు. గీతకు చోటు దొరకలేదంటే అది నీ బుర్రలోంచి వచ్చిందే.

మర్రిగూడ బిడ్డ: బోరు వేసేది తాగడానికి కాకపోతే చూడటానికా మేడమ్?

సాగర్ రోడ్: పొలానికి.

హుజూర్‌నగర్ రైతుబిడ్డ: ఇప్పుడు ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. ఆ బోరునీళ్లు తాగేదెవరు? అందుకే 2 తప్పు.

పాలమూరు పంతులమ్మ: అన్నా, భగీరథ పేరాలో ఎక్కడుంది? జవాబు కుదిరింది గానీ, మీరూ ఆ మర్రిగూడ తమ్ముడు చేసిన పనే చేశారు.

హుజూర్‌నగర్ రైతుబిడ్డ: ఉన్న మాటే అన్నాను.

మర్రిగూడ బిడ్డ: సాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగే మీరు మాకు నల్లాల గురించి చెప్పకండి. మా నాన్న నడుము ఫ్లోరోసిస్‌తో వంగింది నల్లా రాకముందు. తల ఎత్తలేడు. ఇంటికి ఎవరొచ్చారో చెప్పులు చూసి గుర్తుపడతాడు.

పాలమూరు పంతులమ్మ: తమ్మీ, 2 అబద్ధమని ఎవరూ అనలేదు. పేరాలో లేదు, అంతే. రెండూ వేరు.

మర్రిగూడ బిడ్డ: నాకు వేరుగా కనబడవు. కిందటిసారి టెట్‌లో 74 వచ్చాయి, బీసీలకు 75 కావాలి. అప్పుడూ పేరాలే ముంచాయి. మా జిల్లా పేరు పెట్టి పేరా రాస్తారు, మాకు తెలిసింది మాత్రం పనికిరాదంటారు. తెలియనివాడికి మార్కు, తెలిసినవాడికి సున్నా.

సాగర్ రోడ్: నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి సున్నాతో పోయింది.

పాలమూరు పంతులమ్మ: రేపు టీచరై పిల్లల నోట్‌బుక్కులు దిద్దేది నువ్వే. మా బడిలో ఒక పిల్ల 'అమ్మ పుణెలో ఉంది' అని రాసింది. మా దగ్గర వలసలెక్కువ, పనికి పోయిందనుకొని పిల్లను దగ్గరకు తీసుకొని ఓదార్చాను. పిల్ల నా మొహం వింతగా చూసింది. వాళ్ల చిన్నమ్మ పెళ్లికి పోయిందట.

మర్రిగూడ బిడ్డ: మాది పెళ్లి కాదు మేడమ్.

పాలమూరు పంతులమ్మ: తెలుసు.

మర్రిగూడ బిడ్డ: సరే, 3 అనే రాస్తాను, మార్కు కావాలి కదా. 1వ ఆప్షన్ ఏమిటో మాత్రం ఎవరూ అడగలేదు. 'నల్గొండ పద్ధతితో జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య తీరిపోయింది.' మా బ్యాచ్‌లో 11 మంది అదే పెట్టారు. నాకు మండింది దానికి.

సాగర్ రోడ్: నేనూ అదే పెట్టాను.