పాత డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోంది, ర్యామ్ పెంచితే సరిపోతుందా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్నది నాలుగో తరం ఐ3 డెస్క్‌టాప్. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఈమధ్య బాగా మొరాయిస్తోంది. డెస్క్‌టాప్ కనిపించాక కూడా చాలాసేపు ఏదీ పలకదు. బ్రౌజర్ మీద క్లిక్ చేస్తే ఉలుకూ పలుకూ ఉండదు, సరే అని మళ్లీ క్లిక్ చేస్తే కాసేపటికి రెండు మూడు విండోలు ఒకేసారి తెరుచుకుంటాయి. ఫోల్డర్ తెరిస్తే పైన ఆ పచ్చగీత మెల్లగా పాకుతూనే ఉంటుంది. వైరస్ స్కాన్ చేశాను, ఏమీ దొరకలేదు. టెంప్ ఫైళ్లు తీసేశాను, స్టార్టప్‌లో అక్కర్లేనివి ఆపేశాను, పెద్దగా తేడా లేదు. తెలిసినవాళ్లు కొందరు ర్యామ్ పెంచమంటున్నారు, ఇంకొందరు ఏకంగా కొత్తది కొనేయమంటున్నారు. ఇంటిల్లిపాది ఫొటోలు ఇందులోనే ఉన్నాయి, అదొక టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు 1:

ఇప్పుడే ఏమీ కొనకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి డిస్క్ మీద నొక్కండి. మూడు చూడాలి: యాక్టివ్ టైమ్ ఎంత శాతం, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ ఎంత, రీడ్ స్పీడ్ ఎంత. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, హెడ్ కదిలి సరైన చోటికి చేరాలి, అందుకే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లు చదవాలంటే మంచి డిస్క్ అయినా సెకనుకు వంద సార్లకు అటూ ఇటుగా మాత్రమే చదవగలదు. ఆన్ చేయగానే విండోస్, యాంటీవైరస్, అప్‌డేట్లు అన్నీ ఒక్కసారే దాని మీద పడతాయి. ఇక ర్యామ్ చాలకపోతే విండోస్ ఆ భారాన్ని కూడా డిస్క్ మీదికే తోస్తుంది. కాబట్టి డిస్క్ 100 శాతం కనిపించినంత మాత్రాన తప్పు డిస్క్‌దే అనుకోకూడదు, పక్కనే మెమరీ ఎంత వాడుతోందో కూడా చూసి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:

చూశాను. ఏమీ తెరవకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంది, రీడ్ స్పీడ్ మాత్రం 1 ఎంబీ కూడా లేదు. రెస్పాన్స్ టైమ్ ఒక్కోసారి 2000 మిల్లీసెకన్లు దాటుతోంది. మెమరీలో ఇంకా 1 జీబీ దాకా ఖాళీ ఉంది. చెవి దగ్గర పెట్టి వింటే అప్పుడప్పుడూ టిక్ టిక్ మంటోంది.

జవాబు 2:

టిక్ టిక్ అంటోందంటే స్పీడు సంగతి పక్కన పెట్టి ముందు ఫొటోలు బయటికి తీయండి, ఈరోజే. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కి మామూలుగా 10, 15 మిల్లీసెకన్లు పడుతుంది, మీది 2000 అంటే చదివిందే మళ్లీ మళ్లీ చదవడానికి తంటాలు పడుతోందని. దయచేసి కాపీ అయ్యేదాకా డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైళ్లను ఒకచోట సర్దేది) గానీ చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికేది) గానీ పెట్టొద్దు. చాలామంది మొదట సలహా ఇచ్చేది అదే, కానీ చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని మొత్తం చదివిస్తే మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు. ఫోల్డర్లు కొన్ని కొన్నిగా కాపీ చేయండి, ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకు పోండి, ఓపికుంటే చివర్లో చూసుకోవచ్చు.

అదయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో 05, సీ5, సీ7 అనే వరుసలు చూడండి. 05 అంటే పాడైతే పక్కనపెట్టి బదులు వేరేవి వాడుతున్న సెక్టార్లు, అంటే డిస్క్‌లో డేటా దాచే చిన్న చిన్న గదులు. సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి. సీ7 పెరుగుతుంటే మాత్రం డిస్క్ కాకుండా దాన్ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ తేడా కావచ్చు, కేబుల్ మారిస్తే సరిపోవచ్చు. ఇంకో మాట, ఆ రా వాల్యూలు (అసలు అంకెలు) మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా ఉండే లెక్కలో చూపిస్తుంది, 18 అని ఉంటే అసలు లెక్క 24.

జవాబు 3:

పైన చెప్పినదానికి అడ్డు చెప్పను గానీ, పాత సిస్టమ్ కాబట్టి కరెంటు తీసి ఒకసారి పక్క తలుపు విప్పి ప్రాసెసర్ ఫ్యాన్ కింద చూడండి. దుమ్ము పేరుకుని రేకుల మధ్య గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:

ఫొటోలు దాదాపు అన్నీ బయటికి వచ్చాయి, కొన్ని వీడియోల దగ్గర ఆగిపోతే వదిలేశాను. సీ5 దగ్గర సరిగ్గా 18 అనే ఉంది! సీ7 సున్నా. పైన పసుపు రంగులో కాషన్ అని చూపిస్తోంది. హార్డ్ డిస్క్ బదులు తిరిగే పళ్లెం లేని ఎస్ఎస్‌డీ వేస్తే ఈ పాత మదర్‌బోర్డు తీసుకుంటుందా? ఉన్న విండోస్‌ని అలాగే క్లోన్ చేయొచ్చా, అంటే మొత్తం మక్కీకి మక్కీ అందులోకి కాపీ చేయొచ్చా?

జవాబు 2:

సీ7 సున్నా కాబట్టి కేబుల్ బాగానే ఉన్నట్టు, డిస్క్ మార్చాల్సిందే. బోర్డు హాయిగా తీసుకుంటుంది, 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తెచ్చుకోండి, 6 జీబీపీఎస్ పోర్టుకి తగిలించండి, బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూసుకోండి. క్లోన్ వద్దు. పాడైన సెక్టార్లలో విండోస్ ఫైళ్లు ఏవైనా ఉంటే ఆ తెగులు కొత్త దాంట్లోకీ వస్తుంది. పాత డిస్క్ విప్పి పక్కన పెట్టేసి ఎస్ఎస్‌డీ ఒక్కదాన్నే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి. ర్యామ్ తర్వాత ఆలోచించుకోవచ్చు, బ్రౌజర్‌లో ఎక్కువ ట్యాబ్‌లు తెరుస్తారంటే ఇంకో 4 జీబీ వేయడం మంచిదే, మీ బోర్డుకి డీడీఆర్3 రకం ర్యామ్ అడగాలి, డీడీఆర్4 స్లాట్‌లో కూర్చోదు.

జవాబు 4:

ఇన్‌స్టాల్ చేసేముందు ఒకటి ఆలోచించండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి, అంటే మీ ఐ3కి కుదరదు. బ్రౌజింగ్, డాక్యుమెంట్లు, వీడియోలు, ఇంతే వాడకం అయితే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ వెర్షన్ తేలిగ్గా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు, ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. విండోస్‌లోనే నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాంటిది ఏదైనా వాడుతున్నారా? అది చెబితే ఏది వేసుకోవాలో తేల్చుకోవచ్చు.