అవర్‌బాఖ్‌దా, కుర్టియస్‌దా? ఒక్కటే కొనగలను

రాత్రిబండి: యూరప్ సాహిత్యం మీద రెండు విమర్శ గ్రంథాలు కొనాలనుంది, ఈ నెల డబ్బులకి ఒక్కటే వస్తుంది. అవర్‌బాఖ్ ‘మిమేసిస్’ (1946) కొననా, కుర్టియస్ ‘యూరోపియన్ లిటరేచర్ అండ్ ది లాటిన్ మిడిల్ ఏజెస్’ (1948) కొననా? జర్మన్ రాదు, రెండిటికీ విల్లర్డ్ ట్రాస్క్ ఇంగ్లీషు అనువాదమే దిక్కు. లాటిన్ అసలే రాదు.

తాళపత్రం: కుర్టియస్. ఇంకో మాట లేదు. చెట్టు నీడ, పచ్చిక, సెలయేరు... పాత యూరప్ కావ్యాల్లో కనిపించే ఈ తోట కవి కళ్లతో చూసి రాసింది కాదు, వందల ఏళ్లు చేతులు మారిన సామాను అని వరసపెట్టి చూపిస్తాడు. అష్టాదశ వర్ణనలు తెలిసిన మనకి ఇట్టే అందుతుంది. అవర్‌బాఖ్ ఇస్తాంబుల్‌లో సరైన లైబ్రరీ లేకుండా రాశాడు. ఆయనే ఒప్పుకున్నాడు.

కాఫీపొడి: సగం మాటే ఎత్తుకొచ్చారేం? లైబ్రరీ ఉండుంటే ఈ పుస్తకం రాసేవాణ్నే కాదేమో అని కూడా అన్నాడు. యూదుడని 1935లో మార్‌బుర్గ్‌లో ఉద్యోగం పీకేస్తే వెళ్లినవాడండీ. మొదటి అధ్యాయం చదవండి. గ్రీకు కావ్యం ‘ఒడిస్సీ’లో ముసలి దాసి కథానాయకుడు ఒడిస్యూస్ కాళ్లు కడుగుతూ తొడ మీది మచ్చ తడిమి గుర్తుపడుతుంది. కాలు వదిలేస్తుంది, కంచు పళ్లెం ఒరిగి నీళ్లు నేలపాలు. గుర్తుపట్టడానికీ, కాలు వదలడానికీ మధ్య హోమర్ డెబ్భై పైచిలుకు పాదాల్లో పందివేట కథ చెబుతాడు! బైబిల్లో అబ్రహాం కొడుకుని బలికి తీసుకెళ్లే మూడు రోజుల దారిలో ఏమీ చెప్పరు. ఈ తేడా చూడటానికి ఎన్ని బీరువాలు కావాలి?

పెన్నాతీరం: రెండూ పీడీఎఫ్‌లో చదువుకోండి బాబూ.

తాళపత్రం: లైబ్రరీ లేకపోవడం కూడా అర్హతేనా?

కాఫీపొడి: మా పీహెచ్‌డీ గైడుదీ ఇదే పాట. ‘లాటిన్ రాకుండా దాంతే ఎందుకమ్మా’ అని, ఆ ఇటలీ కవి మీద నా పరిశోధన సినాప్సిస్ రెండుసార్లు తిప్పికొట్టారు. దాంతే ‘డివైన్ కామెడీ’ కావ్యం రాసింది ఇటాలియన్‌లో!

తాళపత్రం: మీ గైడు మీద కోపం నా మీద చూపించకండి మేడమ్. నేను క్లర్కుని. నలభై దాటాక, ఆఫీసునుంచొచ్చి రాత్రుళ్లు కూర్చుని ఆరేళ్లు నేర్చుకున్నాను లాటిన్. అదేం అక్కర్లేదని మీరు తేలిగ్గా అనేస్తే ఒళ్లు మండదా?

కాఫీపొడి: అక్కర్లేదని ఎక్కడన్నాను? నేర్పమని మా గైడుని నేనూ అడిగాను సార్. ‘నీకెందుకు’ అన్నారు.

రాత్రిబండి: సెకండ్‌హ్యాండ్‌లో కుర్టియస్ దొరికింది. అట్ట ఊడింది. తీసుకోనా?

తాళపత్రం: వెనక ఇండెక్స్ ఉందో లేదో చూసుకుని తీసుకోండి. మిగిలిన డబ్బులుంటే ఆవిడ చెప్పింది కూడా.