మద్దతు ధర పెరిగిన ఏడాది దాణా ఖర్చు ఎందుకు పెరగడం లేదు?

లెక్కలపద్దు:
కోళ్ల దాణా ఖర్చు మీద వ్యవసాయ విధానాల ప్రభావం చూద్దామని కొన్ని దేశాలకు ముప్పై ఏళ్ల పట్టిక వేస్తున్నాను. మొక్కజొన్న 60 శాతం, సోయాచెక్క (సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలేది) 28, మిగతావన్నీ కలిపి 12 అని ఫార్ములా పెట్టుకుని ఏటా ధరలతో గుణిస్తున్నాను. గింజలకు మద్దతు పెంచిన ఏడాది కొన్నిచోట్ల ఖర్చు కదలదు, కొన్నిచోట్ల తగ్గుతుంది కూడా. ఏ విధానమూ మారని ఏడాది మాత్రం ఎగిరి కూర్చుంటుంది. లోపం ఎక్కడుంది?

గింజబేరం:
మద్దతు అన్న పేరుతో రెండు రకాల విధానాలను ఒకే గాటన కట్టేశారు. ప్రభుత్వం గింజ కొని గిడ్డంగిలో పెట్టో, సరిహద్దులో సుంకం వేసో బజారు ధరనే నిలబెడితే ఆ భారం దాణా కొనేవాడిది. బజారును దాని మానాన వదిలేసి రైతుకు తగ్గిన తేడాను ఖాతాలో వేస్తే భారం ఖజానాది, మిల్లుకు గింజ చవగ్గానే వస్తుంది. రైతుకు ముట్టేది రెండింట్లోనూ ఒకటే కావచ్చు. మీ పట్టికలో మాత్రం అవి ఎదురెదురు దిక్కులకు లాగుతాయి.

యూరప్ 1992 సంస్కరణతో మొదటి పద్ధతి నుంచి రెండోదానివైపు జరిగింది. ధాన్యం మద్దతు ధరను మూడేళ్లలో దాదాపు మూడో వంతు కోసి, రైతుకు హెక్టారు లెక్కన నేరుగా డబ్బిచ్చారు. అంతకుముందు అక్కడ గింజ ఎంత ప్రియమంటే, పశువుల దాణాకు థాయ్‌లాండ్ నుంచి కర్రపెండలం దించుకునేవాళ్లు. గింజ మీద భారీ సుంకం, కర్రపెండలం మీద నామమాత్రం, సోయా మీద అసలు లేదు. 80 కిలోల కర్రపెండలంలో మాంసకృత్తులు 2 కిలోలే, కానీ 20 కిలోల సోయాచెక్కలో 9 కిలోలకు కాస్త తక్కువ. రెండూ కలిపితే 11 శాతం దాకా వస్తుంది, అంటే 100 కిలోల బార్లీకి దీటు. ఆ రోజుల దాణాను బార్లీ ధరతో లెక్కేస్తే, మిల్లు ఎన్నడూ కట్టని ఖర్చు మీ పట్టికలోకి ఎక్కుతుంది.

రెండో లోపం ఇదే, ఫార్ములాను బిగించేయడం. చైనా 2007 తర్వాత మొక్కజొన్నను ఎక్కువ ధరకు కొని నిల్వ పెట్టింది. దిగుమతికి 72 లక్షల టన్నుల కోటా, అది దాటితే 65 శాతం సుంకం. జొన్నకు కోటా లేదు. 2015లో కోటి టన్నులకు పైగా జొన్న దిగింది. 2016లో మొక్కజొన్న కొనుగోలు పథకం ఎత్తేశాక ఆ దిగుమతి తగ్గిపోయింది. కంచె ఏ గింజ చుట్టూ వేశారన్నది ఒక్కటే చూస్తే చాలదు, బయట ఏది మిగిలిందో కూడా చూడాలి.

మిక్సర్‌గది:
పైన చెప్పింది నిజమే, కాకపోతే కోళ్ల దగ్గర మార్పిడికి హద్దులున్నాయి. టన్ను ధరలు పోల్చకండి, 1,000 కిలో కేలరీల ధర పోల్చండి. మొక్కజొన్న కిలోకు సుమారు 3,350 కిలో కేలరీలు, బార్లీకి 2,700 దగ్గర. అంటే బార్లీ ధర మొక్కజొన్న ధరలో 80 శాతం చుట్టుపక్కలకు దిగితేనే ఆలోచించాలి. అప్పుడు కూడా ఎంజైమ్ వేయకపోతే రెట్ట జిగటగా అయ్యి లిట్టర్ (షెడ్డులో కోళ్ల కింద పరిచే పొట్టు) తడిసిపోతుంది. జొన్న అయితే టానిన్ (అరుగుదలకు అడ్డుపడే వగరు పదార్థం) తక్కువ రకమే కావాలి, పైగా దానితో గుడ్డు సొన పాలిపోతుంది, రంగు ఖర్చు వేరే.

గింజ నుంచి ఇథనాల్ తీసి పెట్రోల్లో కలిపే విధానం ఉన్న దేశమైతే డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే పిప్పిని ఎండబెట్టినది) వరుస విడిగా పెట్టండి. 100 కిలోల మొక్కజొన్న నుంచి సుమారు 40 లీటర్ల ఇథనాల్, 30 కిలోల డీడీజీఎస్ వస్తాయి. అమెరికా 2005, 2007 చట్టాలతో ఏటా ఇంత ఇంధనం పెట్రోల్లో కలిపి తీరాలన్న పరిమాణం పెట్టాక గింజలో పెద్ద వాటా అటు మళ్లింది, కానీ మూడో వంతు దాకా దాణాగా తిరిగొచ్చింది. ఆ తిరిగొచ్చేది అందరికీ సమానంగా ఉపయోగపడదు. పశువులు బాగా వాడుకుంటాయి, లేయర్లకు (గుడ్లు పెట్టే కోళ్లకు) 10 శాతం దాటడానికి చాలామంది జంకుతారు. ముదురు గోధుమ రంగు సరుకైతే డ్రయర్‌లో మాడిందన్నమాట, లైసిన్ (మాంసకృత్తుల్లో కోడికి తప్పనిసరైన భాగం) అరగదు. గింజలో అఫ్లాటాక్సిన్ (బూజు విషం) ఉంటే పిండిపదార్థం ఇథనాల్‌గా పోయాక మూడింతలు చిక్కబడుతుంది. నా మటుకు, ఇథనాల్ విధానం దెబ్బ కోళ్లకే ఎక్కువ.

ఇంకొకటి, 60 శాతం బరువు వాటా, ఖర్చు వాటా కాదు. మొక్కజొన్న కిలో 1, సోయాచెక్క 2, మిగతావి సగటున 2 అనుకుంటే 60 + 56 + 24 = 140. మొక్కజొన్న వాటా 43 శాతమే. దాని ధర 10 శాతం పెరిగితే దాణా పెరిగేది 4.3 శాతం.

లెక్కలపద్దు:
ధన్యవాదాలండీ. మరి ఏ మార్పూ లేకుండా ఎగిరిన ఏళ్ల సంగతి?

చెక్కనూనె:
మార్పు మీ దేశంలో లేదు, ఇంకో దేశంలో ఉంది. 1973 జూన్ చివర్లో అమెరికా సోయా ఎగుమతులు ఉన్నట్టుండి ఆపేసింది. అంతకు ముందే పెరూ తీరంలో చేపలు పడక చేపపొడి కరువై ఉంది. నిషేధం కొన్ని నెలల్లో సడలినా, కొనేవాళ్లకు ఒకే దేశాన్ని నమ్ముకోవడం మీద భయం పట్టుకుంది. ఆ తర్వాత జపాన్ బ్రెజిల్ సాగుకు పెట్టుబడి పెట్టింది. ఇలాంటి చర్య ధరను ఆ వారంలోనే ఎగరేస్తుంది. కొత్త భూమి సాగులోకి వచ్చి ధర దించడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ప్రభావం ఎంత ఆలస్యంగా కనబడుతుందో చూపే వరుస పట్టికలో ఒక్కటి సరిపోదు, ఎగరడానికి ఒకటి, దిగడానికి ఒకటి కావాలి.

బయోడీజిల్‌ని (నూనెతో చేసే ఇంధనాన్ని) ఇథనాల్ పక్కన ఒకే వరుసలో కూడా పెట్టకండి. 100 కిలోల సోయా ఆడిస్తే నూనె 18, 19 కిలోలు, చెక్క 80 కిలోల దగ్గర. నూనె కోసం ఎక్కువ ఆడిస్తే చెక్క కుప్ప పడుతుంది, ధర దిగుతుంది. ఇథనాల్ మొక్కజొన్నను పైకి లాగితే ఇది చెక్కను కిందికి నెడుతుంది.

మద్దతు ధర కదిలినా ఖర్చు కదలని ఏళ్లకు మరో కారణం, బజారు ధర అప్పటికే దానికంటే పైన ఉండటం. అప్పుడు పెంపు కాగితం మీదే. ప్రభుత్వం కొని ధర నిలబెట్టే చోట ప్రతి ఏడాదికీ రెండింట్లో ఏది ఎక్కువైతే అది తీసుకోండి, దిగుమతి ఖరీదు (ప్రపంచ ధర, రవాణా, సుంకం కలిపి) అంతకంటే తక్కువైతే దాన్ని. ధరలు క్యాలెండర్ ఏడాదివి కాక పంట ఏడాదివి వేయండి. కోత క్యాలెండర్ ఏడాది మధ్యలో పడితే పాత పంట ధర మీద కొత్త విధానం ప్రభావం వెతుకుతూ కూర్చుంటారు.