అప్‌డేట్: ఉయునీ జీపు టూర్‌కి వెళ్లొచ్చాం

బొలీవియా ఉప్పు మైదానం, ఎర్ర సరస్సు చూపించే జీపు టూర్ ఉయునీలో మొదలుపెట్టాలా, చిలీ వైపు సాన్ పెద్రోలోనా అని అడిగాను కదా. ఎక్కువమంది ఉయునీయే అన్నారు. అలాగే చేశాం, మంచిదైంది. సాన్ పెద్రో ఉన్నది దాదాపు 2,400 మీటర్ల ఎత్తున. అక్కడ జీపెక్కితే మొదటి రోజే 4,000 దాటేస్తారు. ఉయునీ 3,650 పైనే కాబట్టి ఒంటికి కాస్త అలవాటవుతుంది. అయినా మా ఆవిడకి రెండో రాత్రి తలనొప్పి తప్పలేదు.

మేం వెళ్లింది జులైలో. ఆకాశం నేలమీద కనిపించే ఫొటోలు కావాలంటే వానాకాలం, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్లాలి. మాకు దొరికింది ఎండిన ఉప్పు: ఎటు చూసినా పలకలు, వాటి అంచులు గట్టులా లేచి, బూటు కింద కరకరమంటూ. నాకైతే ఇదే నచ్చింది. పైగా కాక్టస్‌ల ఇన్‌కావాసి దీవి దాకా జీపు వెళ్లింది. వానల్లో అది చాలాసార్లు కుదరదట.

ఎర్ర సరస్సు లగునా కొలొరాదాకి ఆ రంగు నీటిలోని నాచు వల్లనట. ఫ్లెమింగోలు ఆ నీళ్లలోనే తలకిందులుగా మేస్తున్నాయి. తెల్లవారుజామున భూగర్భ వేడి పైకి తన్నుకొచ్చే సోల్ దె మన్యానా దగ్గర బురద గంజిలా కుతకుతలాడుతుంటే, మా చేతులు మాత్రం కొయ్యబారిపోయాయి!

ఎర్ర సరస్సు ఉన్న అభయారణ్యం (రిజర్వు) ప్రవేశ రుసుము టూర్ ధరలో కలవలేదు. బొలీవియానోలు (అక్కడి డబ్బు) నగదుగా ఉయునీలోనే తీసిపెట్టుకోండి, దారిలో ఏటీఎంలు లేవు. స్లీపింగ్ బ్యాగు అద్దెకి తీసుకోమన్నవాళ్లకి ప్రత్యేకంగా దండాలు.